యజమాని గడిలో పేరు

ఆ యూనివర్సిటీలో ఎవరూ దేన్నీ మార్చరు. ఏది ముందుగా వచ్చి కళ్ళముందు నిలబడితే దానికే తలూపుతారు. మామూలుగా గులు ఊళ్ళో చదువుకున్నవాళ్ళు నోరు మూసుకుని దేనికీ ఒప్పుకోరు, కూరలో ఉప్పు దగ్గర్నుంచి ఎన్నికల దాకా అన్నిటికీ వంకలు పెడతారు. కంప్యూటర్ ముందు కూర్చున్నారా, ఎంత ప్రొఫెసర్‌కైనా వేలు ఒక్క బొత్తాం మీదే ఆడుతుంది. 'తర్వాత', 'తర్వాత', 'తర్వాత', చివర 'సరే'. అంతే, మెషీన్ తయారు.

ఈ సంగతి లన్యేరోకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కంప్యూటర్ సెంటర్లో ఆమె పనే అది. అక్కడ చల్లటి గదిలో ఒక పెద్ద సర్వర్ ఉంది. ఎవరికి కావాలంటే వాళ్ళకి దాని కడుపులో ఒక లినక్స్ మెషీన్ పుట్టించి ఇవ్వచ్చు. చేత్తో తాకడానికి అక్కడేమీ ఉండదు గాని పని మాత్రం అచ్చం నిజం మెషీన్‌లాగే చేస్తుంది. అందుకే వాటిని వర్చువల్ మెషీన్లంటారు. పుట్టబోయే మెషీన్‌కి మెమరీ ఎంత, డిస్క్ ఎంత, గడియారం ఏ దేశానిది, అన్నీ ముందే నింపి పెట్టిన డిఫాల్ట్ సెట్టింగులు లన్యేరో చేతివి. కళ్ళు మూసుకుని 'తర్వాత' నొక్కినవాడు కూడా నష్టపోకూడదని ఆమె పంతం. కరెంటు పోయి వచ్చాక మెషీన్ దానంతటదే లేచేలా పెట్టింది. గులులో కరెంటు ఎలా ఉంటుందో ఎరగని మహానుభావుడెవడో ఎక్కడో కూర్చుని 'లేవక్కర్లేదు' అని పెట్టి పంపిన సెట్టింగు అది. దాన్ని మార్చిన తర్వాత సెంటర్‌కి పొద్దున్నే వచ్చే ఫోన్లు సగానికి సగం తగ్గాయి.

ఆ సెట్టింగుల పట్టికలో ఒక్క గడి మాత్రం ఆమె చేతిలో లేదు. 'యజమాని' అన్న గడి. అందులో ఓడోకి అని ఉంటుంది.

ఓడోకి సెంటర్‌కి పెద్ద. అక్కడ ఉన్న ప్రతిదాని మీదా ఆయన పేరు ఉండాల్సిందే. టీ కెటిల్ మీద, ప్రింటర్ మీద, ఆఖరికి చీపురు కర్ర మీద కూడా తెల్ల పెయింటుతో ఆయన పేరు రాసి ఉంటుంది. "పెద్దవాడి పేరు కనపడితే దొంగ కాస్త ఆలోచిస్తాడమ్మాయ్" అని సమర్థించుకుంటాడు. మెషీన్లకీ ఆ ఆచారమే పట్టింది. డిఫాల్ట్ ఓడోకి కాబట్టి, ఎవరూ మార్చరు కాబట్టి, పుట్టిన ప్రతి మెషీన్ ఓడోకిదే అయింది. డీన్ కూడా మీటింగుల్లో "మన ఓడోకి మెషీన్లు" అని మురిసిపోయేవాడు. ఓడోకి మెడ వంచి, వినయంగా నవ్వేవాడు. లినక్స్‌లో ఒక్క ఫైలు తెరవడం కూడా రాని మనిషి.

పాస్‌వర్డ్ దగ్గర ఇద్దరికీ గట్టిగానే మాటా మాటా వచ్చింది.

"అసలు పాస్‌వర్డే వద్దు సార్. ఎవరి కంప్యూటర్లో వాళ్ళకి ఒక తాళంచెవి ఫైలు ఇద్దాం. అది ఉన్నవాళ్ళకే తలుపు తెరుచుకుంటుంది" అంది లన్యేరో.

"ఆ ఫైలు పారేసుకున్నవాళ్ళు ఎవరికి ఫోన్ చేస్తారు? నీకా? నాకు. ఆదివారం పూట చర్చిలో మోకాళ్ళ మీద ఉంటే చేస్తారు. అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టెయ్. మా ఊరి పేరు పెట్టు, తేలిగ్గా గుర్తుంటుంది."

"పోనీ, మొదటిసారి లోపలికి రాగానే మార్చుకోమని అడిగేలా చేస్తాను."

"అడిగితే కంగారుపడతారు. కంగారుపడితే మళ్ళీ నాకే ఫోను. ఏమీ అడక్కు."

"సార్, ఎవరూ మార్చుకోరు. అందరి ఇంటికీ ఒకటే తాళం వేసినట్టు ఉంటుంది."

"అమ్మాయ్, ఈ సెంటర్‌కి పెద్ద ఎవరు?"

ఆ ప్రశ్న వచ్చిందంటే మాట అయిపోయినట్టే. లన్యేరో పళ్ళు బిగించి ఆయన ఊరి పేరు తన చేత్తోనే కొట్టింది.

ఆ పైఏడు సీనియర్ ఉద్యోగం ఒకటి పడింది. అది తనదేననుకుంది లన్యేరో, సెంటర్లో అందరూ కూడా అలాగే అనుకున్నారు. ఇంటర్వ్యూలో నువ్వు చేసిన పని చూపించమన్నారు. చూపించింది. బయటినుంచి వచ్చిన ఒక ముసలాయన కళ్ళజోడు పైకి తోసుకుని తెర మీదికి వంగాడు. "ఇక్కడ ఓడోకి అని ఉందేమ్మా?" అన్నాడు. పక్కనే కూర్చున్న ఓడోకి నోరు విప్పి ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన పైకప్పు వంక చూస్తూ కూర్చున్నాడు. ఉద్యోగం కంపాలా నుంచి వచ్చిన ఒక కుర్రవాడికి ఇచ్చారు. వాడు ఒక్క వర్షాకాలం కూడా నిలబడకుండా వెళ్ళిపోయాడు. ఆ ఖాళీని మళ్ళీ ఎవరితోనూ నింపలేదు.

అప్పటినుంచి లన్యేరోకి ఆ గడి కంట్లో నలుసైంది. ఏ మెషీన్ తెరిచినా ముందు అదే కనపడేది. చేసిన పని నాది, నాదని చెప్పుకోడానికి అక్షరం ముక్క లేదు అని కుమిలిపోయేది. జీతం కాదు, కుర్చీ కాదు, ఆ గడిలో తన పేరు ఒక్కటి ఉంటే చాలనిపించేది. ఈసారి ఎవరైనా అడిగితే తెర చూపించవచ్చు.

ఒక మంగళవారం ఓడోకి ఆమెని గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు. చెంచాతో తనే పంచదార కలిపాడు. ఇన్నేళ్ళలో ఎరగని మర్యాదలు చూసి లన్యేరో తన ఉద్యోగం ఊడిందేమో అనుకుంది.

"నీకు అన్యాయం చేశానమ్మాయ్" అన్నాడు ఓడోకి. "కష్టం నీది, పేరు నాది. నా భార్య కూడా అంటూనే ఉంది. ఇవాళ్టినుంచి యజమాని గడిలో నీ పేరు పెట్టు."

లన్యేరో చేతిలో టీ కప్పు బల్ల మీద పెట్టేసింది.

"కొత్తగా పుట్టేవాటికి ఒక్కటే కాదు, పాతవాటికి కూడా మార్చెయ్. అన్నిటికీ. సగం సగం ఎందుకు?"

"నిజంగానా సార్?"

"పెద్దవాణ్ణయిపోతున్నాను. దేవుడికి లెక్క చెప్పుకోవాలిగా. ఇవాళే చేసెయ్యమ్మా, మళ్ళీ నా మనసు మారుతుందేమో" అని నవ్వాడు.

ఆమె పరిగెత్తినట్టే వెళ్ళి కూర్చుంది. ముందు డిఫాల్ట్ మార్చింది. తర్వాత పాత మెషీన్లన్నిటి పేరూ ఒకేసారి మారేలా నాలుగు వరుసలు రాసి నడిపింది. తెర మీద ఓడోకి, ఓడోకి అని ఉన్నచోటల్లా లన్యేరో, లన్యేరో అని పడుతుంటే పెదవులు కదిపి ఒక్కొక్కటీ చదువుకుంది. లైబ్రరీ మెషీన్. నర్సింగ్ కాలేజీ మెషీన్. పరీక్షల విభాగం మెషీన్. కళ్ళు చెమ్మగిల్లాయి, సిగ్గు కూడా పడలేదు.

మధ్యాహ్నం అకౌంట్స్‌లో పనిచేసే అబేర్‌ని భోజనానికి లాక్కెళ్ళింది. అబేర్ ఆమెకి స్కూలు రోజుల నుంచీ స్నేహితురాలు. రాగి ముద్దని మలక్వాంగ్ అనే పుల్లటి ఆకుకూరలో ముంచుకుంటూ అంతా విని, ముంచిన ముద్ద నోట్లో పెట్టుకోకుండానే ఆగింది.

"ఓడోకి పిడికిట్లోంచి ఊరికే ఏదైనా రాలడం ఎప్పుడైనా చూశావా నువ్వు?"

"మనుషులు మారకూడదా ఏం?"

"మారతారు. మంగళవారం పూట, టీ తెప్పించి మరీ మారరు. పాతవాటికి కూడా ఎందుకన్నాడే?"

"నాకు ఒక్క మంచి జరిగితే నీ కళ్ళు ఓర్చుకోలేవు కదే" అంది లన్యేరో. అన్నాక బాధపడింది గాని వెనక్కి తీసుకోలేదు. అబేర్ మిగతా ముద్ద తిని చెయ్యి కడుక్కుంది.

శుక్రవారం లన్యేరోని పాలన భవనానికి పిలిచారు. పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో లా ప్రొఫెసర్ లమారో. పక్కగా, గోడ దగ్గర కుర్చీలో ఓడోకి. పరీక్షల విభాగం మెషీన్‌లోకి ఎవరో దూరి ఫెయిలైన పిల్లల మార్కులు దిద్దారట. తలుపు పగలగొట్టి రాలేదు. పుట్టినప్పుడు పెట్టిన పాస్‌వర్డ్‌తోనే దర్జాగా లోపలికి వచ్చారు. ఈ సంగతి రిజిస్ట్రార్ సోమవారం సాయంత్రమే ఓడోకి చెవిన వేశాడని అక్కడ మాటల్లో బయటపడింది.

సోమవారం. లన్యేరోకి టీ ఇచ్చింది ఆ మర్నాడే. పంచదార కలిపిన చెంచా చప్పుడు చెవుల్లో వినిపించినంత పనయింది. అబేర్‌ని అన్న మాట గుర్తొచ్చి తల ఎత్తలేకపోయింది.

"ఈ మెషీన్‌కి యజమాని నువ్వని ఉంది" అంది లమారో.

"మొన్న మంగళవారం దాకా ఓడోకి సార్ పేరుంది మేడమ్."

లమారో ఓడోకి వైపు తిరిగింది. ఆయన కాదని అంటాడనుకుంది లన్యేరో. కాదంటే చెప్పడానికి సెంటర్లో సాక్షులున్నారు, ఆ ఇంటర్వ్యూ ముసలాయన ఉన్నాడు.

ఓడోకి కాదనలేదు.

"నిజమే మేడమ్. పెద్దవాణ్ణని మర్యాదకి నా పేరు ఉంచింది. పని మొత్తం ఈ అమ్మాయిదే. ఒక్క సెట్టింగు కూడా నేను పెట్టింది కాదు, నాకు లినక్స్ రాదు. ఆ సంగతి సెంటర్లో ఎవర్నడిగినా చెబుతారు. ఇంత తెలివైన పిల్ల మనకి దొరకడం అదృష్టం. ఆమె పేరు ఆమెకివ్వడం న్యాయమనిపించి నేనే మార్చుకోమన్నాను."

ఈ మాటలు ఇంటర్వ్యూలో అంటాడని ఆమె ఎంత ఎదురుచూసిందో. ఒక్కటీ అబద్ధమని నిరూపించడానికి లేదు. గొంతులో కాస్త గర్వం కూడా పలికించాడు వెధవ.

"పాస్‌వర్డ్ ఆయన పెట్టమన్నదే మేడమ్. నేను వద్దన్నాను. తాళంచెవి ఫైళ్ళు పెడదామన్నాను."

"ఎక్కడైనా రాసి ఇచ్చావా?"

"నోటితోనే చెప్పాను."

"సార్ ఊరి పేరు కదా పెట్టావు" అంది లమారో, కాస్త జాలిగా. "పెద్దాయన్ని మెప్పించాలని పెట్టి ఉంటావులే. అది పక్కన పెట్టు. ఒక్కటి సూటిగా చెప్పమ్మా. ఈ సెట్టింగులు ఎవరివి?"

లన్యేరో నోరు తెరిచింది. నావి కావు అనేస్తే బయటపడే దారి ఏదో ఉందేమో, ఆ క్షణంలో ఆమెకి తోచింది కూడా. కాని కరెంటు వచ్చాక దానంతటదే లేచే ఆ మెషీన్లు, రాత్రులు మేల్కొని సరిచేసిన ఆ గడియారాలు, డిస్కులు, వాటిని నావి కావనడానికి నాలుక తిరగలేదు.

"నావే మేడమ్."

లమారో దాన్ని రాసుకుంది. ఆ పూట ఆమె చెప్పినవాటిలో రాసుకున్నది ఆ ఒక్క మాటే.

నెలాఖరుకి ఉద్యోగం మానెయ్యమన్నారు. ఆఖరి వారంలో ఓడోకి ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కూర్చోలేదు, టీ ఊసు ఎత్తలేదు.

"ఆ పాస్‌వర్డ్ తీసేసి నువ్వన్న తాళంచెవులు పెట్టించమంటున్నారమ్మా డీన్ గారు. ఇక్కడ ఇంకెవరికీ రాదు. వెళ్ళేలోగా చేసిపెట్టు."

ముఖాన ఉమ్మాలనిపించింది లన్యేరోకి. చెయ్యను పో అంటే ఏం చేస్తాడు? ఏమీ చెయ్యలేడు. కాని రేపు ఎవడో లైబ్రరీలో కూర్చుని 'తర్వాత', 'తర్వాత' అని నొక్కుతాడు, మళ్ళీ అదే తలుపు బార్లా తెరుచుకుంటుంది. ఆమెకి అది కూడా భరించడం రాదు. తన చేతుల్నే తిట్టుకుంటూ కూర్చుని మొదలుపెట్టింది. మొదట్లో తను అనుకున్నది అనుకున్నట్టే, ఏ అడ్డూ లేకుండా పూర్తిచేసింది. అడ్డం చెప్పేవాళ్ళు ఇప్పుడు లేరు. చివరికి ఆ గడి దగ్గర వేలు ఆగింది.

"యజమాని ఎవరని పెట్టను సార్?"

ఓడోకి తెర వంక చూశాడు. ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఖాళీగా వదిలెయ్ అమ్మాయ్. ఇక ఎవరి పేరూ వద్దు."

ఆమె తన పేరు ఒక్కొక్క అక్షరమే చెరిపేసింది. సరిగా ఉందో లేదో చూడ్డానికి కొత్త మెషీన్ ఒకటి పుట్టించింది. చక్కగా లేచింది, ఎక్కడా ఒక్క లోపం లేదు.