మూతి కుట్టిన జేబు

సూదిలోకి దారం ఒక పట్టాన ఎక్కలేదు. ఎక్కాక కూడా ఆమె నమ్మకం లేనట్టు దాన్ని వెలుతురుకు పెట్టి చూసుకుంది. తర్వాత కుట్టుమిషను పాదం కింద ఒక చిన్న గౌను దూర్చి, దాని జేబు మూతిని ఈ కొస నుంచి ఆ కొస దాకా కుట్టేసింది. దారం తెంపి, గౌను ఎడమవైపు పడేసి, కుడివైపు కుప్పలోంచి ఇంకోటి లాక్కుంది.

పిల్లల ఆసుపత్రి కింది అంతస్తులో, లాండ్రీ పక్కన, కిటికీ లేని ఆ గది అమ్మమ్మల బృందానిది. జీతం నాతం లేకుండా ఆసుపత్రికి పనిచేసే ముసలమ్మలు వాళ్లు. కొందరు వార్డుల్లో కథలు చెబుతారు. కొందరు గుమ్మం దగ్గర బల్ల వేసుకుని గుడ్డబొమ్మలు అమ్మి విరాళాలు పోగుచేస్తారు. ఈమెకు కథలు రావు, అమ్మడం అంతకన్నా రాదు. కుట్టు వచ్చు, అదీ పూర్తిగా కాదు. పెళ్లయిన ఏడాది నుంచి కళ్లు మసకబారే దాకా చొక్కాల ఫ్యాక్టరీలో పనిచేసింది. అక్కడ కాలర్లు వేసేవాళ్లు కాలర్లే వేస్తారు, చేతులు అతికేవాళ్లు చేతులే అతుకుతారు. ఆమెది జేబుల వరస. ఒక్క పూర్తి చొక్కా కుట్టిన పాపాన పోలేదు. "ఊళ్లో వాళ్లందరికీ జేబులేశాను, నాకే ఒక జేబు లేదు" అని హాస్యమాడేది. విని విని జనం నవ్వడం మానేశారు.

ఆసుపత్రి గౌన్లకు జేబులుండవన్న సంగతి, మనవరాలు ఈ వార్డులో పడుకున్నప్పుడు తెలిసింది ఆమెకు. ఆ పిల్ల ఒక గాజుపూసను గుప్పిట్లో పట్టుకుని నిద్రపోయేది. సూది పెట్టడానికి నర్సు వేళ్లు విప్పదీసినప్పుడల్లా గుక్కపట్టి ఏడ్చేది. "అమ్మమ్మా, దీనికి జేబేదీ?" అని అడిగింది. "రేపు కుట్టుకొస్తాలే" అంది ఆమె. తెల్లారేసరికి పిల్ల లేదు. ఆ తర్వాత ఆమె బృందంలో చేరి, ఆసుపత్రిలో ఉన్న గౌన్లన్నిటికీ జేబులు వేసింది. పిల్లలూ ఆయాలూ జేబుల అమ్మమ్మ అని పిలవసాగారు.

కూతురికి మాత్రం ఆ పేరు వింటేనే ఒళ్లు మండేది. ఆసుపత్రి ఉన్న వీధి ముఖం కూడా చూసేది కాదు. ఈ పొద్దున తల్లి చెప్పులు వేసుకుంటుంటే వంటింట్లోంచి అననే అంది.

"నా బిడ్డ పోయిన చోటికి రోజూ ఎలా వెళ్తావమ్మా? కాళ్లెలా వస్తాయి నీకు?"

ఆమె రెండో చెప్పులో కాలు దూర్చింది.

"నా దిండు గలీబు చిరిగి నెలయింది. అది మాత్రం కనిపించదు నీ కళ్లకి. అందరి పిల్లలకీ కుడతావు, నీ పిల్లకి తప్ప."

ఆమె చెప్పులు విప్పి, లోపలికెళ్లి, ఆ గలీబు మడిచి సంచిలో పెట్టుకుని బయల్దేరింది. మధ్యాహ్నం తీరిక దొరికితే కుడదామనుకుంది. తీరిక దొరకలేదు.

ఈ జేబులు మూసే పని నిన్న నెత్తిన పడింది. జేబులకు మొదటినుంచీ ఒక షరతు ఉంది. మాసిన గౌన్లు ఉతుక్కు వెళ్లేముందు ప్రతి జేబూ ఆమే తడిమి చూడాలి. మిఠాయి కాగితాలు, గుండీలు, కాలు విరిగిన బొమ్మ గుర్రాలు దొరికేవి. ఎవరివి వాళ్లకు మర్నాడు పట్టుకెళ్లి ఇచ్చేది. కిందటి వారం ఒక మైనపు రంగుముక్క ఆమె వేళ్లకు తగల్లేదు. కొంతకాలంగా వేళ్లు మొద్దుబారుతున్నాయి. ఆ మాట పైకంటే మిషను దగ్గర్నుంచి లేపేస్తారని దాచింది. ఆ ముక్క వేడినీళ్లలో కరిగి దుప్పట్లనూ గౌన్లనూ డాక్టర్ల కోట్లనూ ఊదారంగులో ముంచింది. లాండ్రీ ఆయన లబోదిబోమన్నాడు. పెద్ద దాతలు వచ్చే రోజు దగ్గరపడింది కాబట్టి అతని గోల ఈసారి పైదాకా వినబడి, జేబులన్నీ మూసేయమని ఉత్తర్వొచ్చింది.

బృందానికి పెద్ద ఒకప్పటి హెడ్మిస్ట్రెస్. ఎవరైనా లేచి నిలబడతారేమోనని ఇప్పటికీ ప్రతి గుమ్మంలో ఒక్క క్షణం ఆగుతుంది. ఇవాళ ఈ కుట్టుగది గుమ్మంలోనూ అలాగే ఆగింది.

"ఎందాకా వచ్చాయి?"

"సగమయ్యాయండి. మూసే బదులు విప్పి తీసేస్తే పోయేది కదండీ?"

"విప్పితే గుడ్డ మీద గుర్తులు పడతాయి. పైగా మన పోస్టరులో పాప జేబులో చెయ్యి పెట్టుకునే కదా నిలబడింది? ఆ ఫొటో చూసే డబ్బు వచ్చింది. రేపు వచ్చేవాళ్లకి జేబు కనబడాలి."

"కనబడితే చాలాండీ?"

హెడ్మిస్ట్రెస్ గొంతు తగ్గించింది. "చూడమ్మా, ఆ రంగుముక్క ఎవరు చూసుకోలేదో నేనెవర్నీ అడగలేదు. అడగమంటావా?"

ఆమె తల దించుకుని ఇంకో గౌను లాక్కుంది. తప్పు తనది. శిక్ష పిల్లలకి. అది ఎంత ఆలోచించినా మింగుడుపడలేదు.

భోజనాల వేళకు మొదటి కట్ట మోసుకుని వార్డుకెళ్లింది. అక్కడ వాగుడుకాయ అని అందరూ ముద్దుగా పిలిచే పిల్ల ఉంది. వాళ్ల నాన్న దూరాన పని, ఆదివారాలు మాత్రమే వస్తాడు. పిల్ల ఆ కట్టలోంచి ఒక గౌను వేసుకుంది. అలవాటుగా జేబులోకి చెయ్యి పోనిచ్చింది. వేళ్లు కుట్టుకు తగిలి ఆగిపోయాయి.

"ఇది ఉత్తుత్తి జేబు!"

"మూసేశారమ్మా."

"ఎవరూ?"

ఎవరో ఒకరి పేరు చెబుదామనుకుంది. నోరు రాలేదు. "నేనే."

"మరి నా పన్నెక్కడ పెట్టుకోను?" పిల్ల గుప్పిట విప్పింది. అరచేతిలో పాలపన్ను ఉంది, ఆ పొద్దునే ఊడింది. "నాన్నొచ్చాక చూపించాలి. నర్సక్కకిస్తే పారేస్తుంది."

ఆ గుప్పిట చూడగానే ఆమెకు గాజుపూస గుర్తొచ్చింది. మంచం పట్టె పట్టుకుని నిలబడింది.

"నువ్వు తీసుకెళ్లి, జేబు తెరిచి, ఇది అందులో పెట్టి తీసుకురా అమ్మమ్మా. ఇవాళే. రేపు అనకు."

"అనను" అంది ఆమె.

గౌను విప్పించి, పన్ను కొంగున ముడేసుకుని కిందికొచ్చింది. మూసినవన్నీ కుప్పగా పడి ఉన్నాయి. ఒక్కదాన్నైనా తెరవకపోతే ఆ వార్డు గడప మళ్లీ తొక్కే ముఖం ఉండదనిపించింది. హెడ్మిస్ట్రెస్ అడిగితే అడగనీ, అందరి ముందూ అడగనీ. బ్లేడు ముక్కతో ఒక్కొక్క కుట్టే తెంపసాగింది. తన చేత్తో వేసిన కుట్టు గట్టిగానే ఉంది. సగం మూతి తెరుచుకున్నాక పన్ను లోపలికి జారవిడిచింది. ఎడమచెయ్యి రాయిలా బరువెక్కింది. మిగతా సగం కాస్త ఆగి విప్పుదామని మిషను మీద తల ఆనించింది.

సాయంత్రం లాండ్రీ ఆయన మూట కోసం వచ్చాడు. నిద్రపోతోందనుకుని, పాపమని దీపం ఆర్పి వెళ్లాడు. రెండోసారి వచ్చినప్పుడు గాని అనుమానం రాలేదు.

కూతురు ఎన్నేళ్లకో ఆ వీధికి వచ్చింది. వెనక గేటు దగ్గరే నిలబడి తల్లిని తీసుకెళ్లింది. సంచి కూడా ఇచ్చారు. అందులో చిరిగిన దిండు గలీబు, వేసిన మడత వేసినట్టే ఉంది.

దాతలొచ్చే రోజు మాత్రం మారలేదు. హెడ్మిస్ట్రెస్ అందర్నీ నిమిషంపాటు మౌనంగా నిలబెట్టింది. విరాళాల పెట్టె పక్కన జేబుల అమ్మమ్మ ఫొటో పెట్టించింది. పెట్టె మామూలుకన్నా త్వరగా నిండింది. అంతకుముందే, మిషను మీద సగంలో ఆగిన గౌనును గుడ్డబొమ్మలు కుట్టే ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ ముక్కు చీదుకుంటూ, కన్నీళ్లలో కుట్టు కనబడకపోయినా, జేబు మూతి చకచకా మూసేసింది. తడిమి చూడటం జేబుల అమ్మమ్మ పని. ఆ పని ఇంకెవరికీ అప్పగించలేదు.

వాగుడుకాయకు కుప్పలోంచి వేరే గౌను వచ్చింది. పన్నేదని నర్సును అడిగింది. "కొత్తది వస్తుందిలే" అంది నర్సు. ఆదివారం నాన్న వస్తే పిల్ల నోరు తెరిచి ఊడిన చోటు చూపించింది. "అమ్మమ్మకిచ్చాను. తెస్తానని తేలేదు. అబద్ధాలకోరు" అని, మళ్లీ ఆమె ఊసెత్తలేదు.

ఇప్పుడు లాండ్రీలో అప్పుడప్పుడు యంత్రం తిరుగుతుంటే టక్కు టక్కుమని చప్పుడవుతుంది. లాండ్రీ ఆయన ఆపి, లోపల చెయ్యి పెట్టి వెతుకుతాడు. ఏమీ దొరకదు. మెకానిక్కును పిలవాలని గొణుక్కుంటూ, ఆ తడి గౌనును ఒక్క దులుపు దులిపి, మూతి కుట్టిన జేబు పైకి కనబడేలా తీగ మీద ఆరేస్తాడు.