కెమెరా మీది ఎర్ర స్టిక్కర్

మారియుస్ వణుకుతున్నాడు. రొమేనియా మనిషి, యాభై దాటినవాడు. ఒళ్లు జ్వరంతో కాగిపోతున్నా కాంట్రాక్టరు అతన్ని మాంసం బెల్టు దగ్గరే నిలబెట్టాడు. అప్పటికే ఆ ఫ్యాక్టరీలో పదిమందికి కరోనా. శనివారాల్లో అక్కడ ప్యాకింగ్ చేసే విద్యార్థి దశరథ్, ఫోన్ కెమెరా మీది ఎర్ర స్టిక్కర్ పీకి పన్నెండు సెకన్లు వీడియో తీశాడు. షిఫ్టుకు ముందు గేటు దగ్గర ప్రతి ఫోన్‌కీ అంటించే స్టిక్కరది.

ధైర్యంతో తీయలేదు. జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్ తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఓ జూనియర్ "అన్నా, మీట్ జాబ్ ఎట్లుంటది?" అని అడిగాడు. "ఇట్లుంటది" అంటూ దశరథ్ ఆ వీడియో పడేశాడు. మూడోరోజుకి అది పత్రికకెక్కింది. ఐదోరోజున మారియుస్ ఆసుపత్రిలో చనిపోయాడు.

మళ్లీ శనివారం, క్యాంటీన్‌లో కాంట్రాక్టరు అందరికీ కాగితాలు పంచాడు. లోపల ఏమీ చూడలేదు, తీయలేదు, బయట చెప్పబోను, కింద సంతకం.

"వ్యాపార రహస్యాలకు చట్టముంది. తీసినవాడు దొరికితే కేసు. స్టూడెంట్ అయితే వీసా కూడా పోతుంది," అన్నాడు.

దశరథ్ పెన్ను అందుకున్నాడు. మాస్కు వెనక తన ఊపిరే వేడిగా తగిలింది. అది మారియుస్ జ్వరమేమో అనిపించింది. డిగ్రీ చేతికొచ్చేదాకా తానిక్కడ చుట్టపుచూపుగా ఉన్నానని ఇన్నాళ్లూ నమ్మాడు. ఆ నమ్మకం చాటునే దాక్కున్నాడు.

"సంతకం పెడ్తవా ఏంది?" పక్కన కూర్చున్న మంగ అడిగింది. కరీంనగర్ పిల్ల, సాసేజ్ లైన్లో పని.

"వీసా పోతది మంగా."

"మారియుసే పోయిండు గదా."

"నీకు భయమైతలేదా?"

"ఎందుకు కాదు? కాళ్లు వణుకుతున్నయ్. కనబడొద్దనే కూసున్న."

దశరథ్‌కు నవ్వొచ్చింది. పెన్ను పక్కన పెట్టాడు. ఫోన్ మీది స్టిక్కర్ పీకి, సంతకం చోట అంటించాడు. లేచి, వచ్చీరాని జర్మన్‌లో అన్నాడు:

"తీసింది నేనే. ఒక మనిషి జ్వరం కంపెనీ రహస్యమెట్లయితది?"

కాంట్రాక్టరు పోలీసులకు ఫోన్ కలిపాడు. ఈలోగా మంగ లేచి, వణుకుతున్న కాళ్లతోనే, తన కాగితం మీద స్టిక్కర్ అంటించింది. "నేను గూడ చూసిన." ఆ వెనక రొమేనియా ఆడవాళ్లు, బల్గేరియా కసాయిలు కూడా అంటించారు. షిఫ్టు సైరన్ మోగింది. ఎవరూ కదల్లేదు. లోపల బెల్టు ఖాళీగా తిరుగుతోంది.

పోలీసులు దశరథ్ పాస్‌పోర్టు తీసుకుని వ్యాన్ వైపు నడిపించారు. వర్షంలో నూటయాభై మంది గేటు దాకా వెంట వచ్చారు. ఒక్క ఫోన్ మీదా స్టిక్కర్ లేదు.

"దశరథ్, ఇటు తిరుగు," మంగ కేకేసింది. "ఈసారి అందరం తీస్తున్నం."