మూడో మలుపు

ఆ రోజుల్లో కాలవకి ఇంకా వంకర్లుండేవి. కొల్లేటి లంకలో ఏటా తొలి వరద తీసిన మర్నాడు, ఆడాళ్ళు పొద్దున్నే లేచి ఇంట్లో సామానంతా తెచ్చి కాలవలో వదిలేసేవారు. ఇత్తడి బిందెలు, నులక మంచాలు, వలలు, రోలు, అన్నీ. తర్వాత గట్టెమ్మట నడిచి మూడో మలుపు దగ్గర కూర్చునేవారు. ఇంటికి కావల్సినవి కాలవ అక్కడ ఒడ్డుకి చేర్చేది. అక్కర్లేనివి ఉప్పుటేరులో పడి సముద్రంలోకి పోయేవి. వదలకుండా చూరులో ఏమన్నా దాచుకుంటే, దాన్ని కాలవే లాక్కుపోయేది. ఓసారి అచ్చమ్మ పక్కింటి గంగారత్నం రోలు తేలుతూ వచ్చింది గానీ అద్దం రాలేదు. వారం రోజులు నవ్వుకున్నారు.

పంతొమ్మిది వందల యాభై ఆరులో అచ్చమ్మ మొగుడు జగ్గయ్యకి కాళ్ళు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. అచ్చమ్మ అతన్ని ఏలూరు తీసుకెళ్ళింది.

"మూత్రపిండాల్లో సన్నటి గొట్టాలుంటాయమ్మా," అన్నాడు డాక్టరు. "ముందు నీళ్ళు, ఉప్పు, చక్కెర అన్నీ వాటిలోకి దిగిపోతాయి. పోతూ ఉండగా కావల్సినవి గొట్టాలు వెనక్కి పీల్చుకుంటాయి. రక్తంలో ఇంకా చెడు మిగిలితే లాగి బయటికి తోసేస్తాయి."

"మా కాలవ చేసే పనేగదండీ."

"అదేనమ్మా. ఈయనకి ఆ పని చెడింది. ఉప్పు మానిపించు. నా చేతిలో ఉన్నది అంతే."

చప్పిడి కూడు మొదలైంది. ఓ రోజు జగ్గయ్య ఎవరిదో పడవెక్కి, ఆ మీదట బస్సులో తాడేపల్లిగూడెం వెళ్ళొచ్చాడు. ఏం తెచ్చావంటే దొడ్లోకెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు.

వరద తీసింది. సామానంతా వదిలాక అచ్చమ్మ మొగుడి చెయ్యి పట్టుకుంది.

"నువ్వూ దిగు మావా."

"నన్నెందుకు తిరిగిస్తదే అది? దోనె తొయ్యలేనోణ్ణి. ఇంటికేం పనికొస్తాను?"

"అది నువ్వూ నేనూ చెప్పేది కాదు."

అతను దిగాడు. నీళ్ళు వెల్లకిలా ఎత్తుకుని తీసుకుపోయాయి.

మూడో మలుపు దగ్గర బిందెలొచ్చాయి. మంచం వచ్చింది. మధ్యాహ్నం దాటింది.

"రాకపోతే ఏం చేస్తావే?" అంది గంగారత్నం.

"అద్దం రాకపోతే నువ్వేం చేశావు?" అంది అచ్చమ్మ, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా.

అప్పుడొచ్చింది తెల్లగా ఒకటి. మడత విప్పని కోరా గుడ్డ. పాడె మీద కప్పేది. ఎవరూ వదల్లేదు దాన్ని. దాని వెనక చూరు తాటాకు ముక్క తేలుతోంది, అచ్చమ్మ ఇంటిదే. తాడేపల్లిగూడెం నుంచి ఏం తెచ్చాడో అప్పుడు తెలిసింది. గుడ్డ మలుపులో ఆగలేదు. అది కనుమరుగయ్యేదాకా అచ్చమ్మ చూస్తూ నిలబడింది.

కాసేపటికి జగ్గయ్య ఒడ్డుకి తగిలాడు. లేచి కూర్చున్నాడు. కాళ్ళు జమ్ము కాడల్లా సన్నగా ఉన్నాయి. ఆ సాయంత్రం నాలుగో మలుపులో నీళ్ళు తాగబోయిన గేదెలు ఉప్పగా తగిలి మూతులు తిప్పుకున్నాయట.

"చూర్లోది పోయిందా?" అన్నాడు మెల్లగా.

"ఏంటది?" అంది అచ్చమ్మ, ఏమీ ఎరగనట్టు.

అతను ఆమె కళ్ళలోకి చూసి తల దించుకున్నాడు.

"ఏం లేదులే. రాత్రి పులుసులో కాస్త ఉప్పెయ్యి."