ఆరో బుట్ట ఉన్న జాగా

కోమల చనిపోయిన మూడో రోజు ఊళ్లో విస్తరి పెడితే పిట్ట ముట్టలేదు. ఆనాడు ఆమె మొగుడు గుర్వయ్య మనసులో దిగిన ముల్లు ఇంకా అక్కడే ఉంది. విస్తరిలో మటన్ పెట్టారు, పక్కన కల్లు పోశారు. కాకులు చింతకొమ్మ మీద కూర్చుని చూశాయే గాని ఒక్కటీ దిగలేదు. చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చి, నీ బిడ్డను చూసుకుంటామని, నీ మాట దాటమని దండం పెట్టారు. లాభం లేకపోయింది. పొద్దు వాలాక ఆ అన్నం ఆవుకు పెట్టి లేచారు. "ఏదో మనసుల పెట్టుకొని పోయింది" అని ఆడవాళ్లు గొణిగారు. ఆ ఏదో ఏమిటో మొగుడికే తెలియదు.

కోమల బడిలో ఆటల టీచరు. పాలమూరులో వాళ్ల ఇంటి ఎదుటి పార్కుకు డిస్క్ గోల్ఫ్ తెచ్చింది ఆమే. ఇనుప కడ్డీకి గొలుసులు వేలాడదీసి, కింద బుట్ట బిగించారు. దూరం నుంచి పళ్లెంలాంటి డిస్కు విసిరితే అది గొలుసులకు తగిలి బుట్టలో పడాలి. అలాంటివి తొమ్మిది. తక్కువ విసుర్లతో ముగించినవాళ్లది గెలుపు. గుర్వయ్యకు అదొక ఆటగా ఎన్నడూ కనబడలేదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లందరికీ వినబడేటట్టు "మా ఇంటామె తట్టలిసిరే నౌకరి చేస్తాంది" అనేవాడు.

ఆమె పోయాక గాలి కదలని వేళల్లో కూడా గొలుసులు మోగడం మొదలైంది. లేచి చూస్తే పార్కులో పురుగు ఉండదు. కూర్చుంటే మళ్లీ మోత. ఆమె అక్కడే తిరుగుతోందని గుర్వయ్యకు నమ్మకం కుదిరింది. ఏం కావాలో అడగాలంటే అక్కడికే పోవాలి.

ఆట దారులు మార్చి బుట్టలు కొత్త చోట్ల పాతారని తెలిసిన ఆదివారం, ఆమె డిస్కుల సంచి భుజాన వేసుకుని వెళ్లాడు. గేటు దగ్గరే విజేందర్ ఎదురయ్యాడు. కోమల దగ్గర చదువుకున్నవాడు, ఇప్పుడు అదే బడిలో ఆటల సారు. దారులు మార్చింది అతడే.

"ఏం కాకా, నువ్వు గూడ తట్టలిసర వచ్చినవా?"

"నోరు మూసుకొని ఎట్ల ఇసరాల్నో చెప్పు."

మొదటి డిస్కు తుమ్మపొదలో పడింది.

"మేకను అదిలించినట్టు గాదు కాకా! మణికట్టు తిప్పాలె."

రెండో బుట్ట దగ్గర గుర్వయ్య చెయ్యి ఎత్తేలోగా గొలుసులు మోగాయి. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"విన్నవా?"

"ఏంది?"

"ఏం లే. నడువు."

పోయిన కొద్దీ ఒకటి గమనించాడు. బుట్టలన్నీ పార్కు అవతలి గుట్ట వైపే ఉన్నాయి. విసిరే మనిషి ఎక్కడ నిలబడినా వీపు తన ఇంటి వైపే ఉంటుంది. పాత ఆరో బుట్ట ఉన్న చోట బండ ఒక్కటే మిగిలింది. అక్కడ నిలబడి చూస్తే ఎదురుగా తన అరుగు, అరుగు మీద తన ఖాళీ కుర్చీ.

"దీన్నెందుకు పీకినవ్‌రా? ఆమె పెట్టించిన బుట్ట ఇది."

విజేందర్ జేబులోంచి ఉడకబెట్టిన పల్లికాయ తీసి ఒలుస్తూ ఆగాడు. "మేడమే పీకమన్నది. మంచంల పడకముందే. జాగాలన్నీ ఆమె చూపించినవే."

"ఎందుకు?"

"వద్దులే కాకా."

"చెప్పు."

"గీడికెల్లి మీ అరుగు కనబడ్తదట. ఇసిరేటప్పుడు నీ చూపు కండ్లల్ల పొడుస్తదట. ఇల్లు వెనకకైతే చూడకుంట ఆడుకోవచ్చన్నది."

గుర్వయ్య అతని చేతిలోని కాయల వైపు చూశాడు.

"మేడం అలవాటు చేసింది. ఆమె జేబు ఎప్పుడు ఖాళీగ ఉండకపోయేది."

"ఇంట్ల ఎన్నడు తినలే."

"పొట్టు పడితే నువ్వు లొల్లి చేస్తవట గదా."

గుర్వయ్య చెయ్యి చాపాడు. విజేందర్ గుప్పెడు కాయలు పోశాడు. గుర్వయ్య పక్కనున్న మోదుగ చెట్టు ఆకు తెంపి బండ మీద పరిచి, కాయలు దాని మీద పెట్టాడు. విజేందర్‌కు విషయం అర్థమైంది. వెనక వస్తున్న ఆటగాళ్లను చెయ్యెత్తి ఆపాడు.

కొత్త బుట్ట పైకమ్మీ మీద ఒక కాకి వాలింది. దిగలేదు.

"నీ తమ్మునితోని మాట్లాడ్త" అన్నాడు గుర్వయ్య. పదేళ్లుగా పడని బావమరిది. కాకి ముక్కు కమ్మీకి రుద్దుకుంది.

"నీ దినం ఏటేటా ఘనంగ చేస్త."

కాకి తల తిప్పుకుంది.

ఆయన ఎదురుగా ఉన్న తన అరుగు వైపు, ఖాళీ కుర్చీ వైపు చూశాడు. తర్వాత దండం కోసం జోడించిన చేతులు దించేశాడు.

"ఈ పార్కుల అడుగు పెట్టను. అరుగు మీద కూసోను. నీ దిక్కు చూడను."

కాకి దిగింది. ఒక కాయను బండకేసి కొట్టి పగలగొట్టుకుంది. గింజ తిన్నది. ఇంకోటి తీసుకుంది. మరో రెండు కాకులు వచ్చాయి. ఒక్కటి కూడా ఆయన వైపు చూడలేదు.

"ముట్టింది కాకా!" విజేందర్ చెయ్యి చాపి చూపించాడు. "ముట్టింది, సూడు! ఇంక ఫికర్ లేదు. పా, మిగిలినయి ఆడి పోదాం."

గుర్వయ్య సంచి తీసి అతని భుజానికి తగిలించాడు.

"మాటిచ్చిన గదరా" అన్నాడు.

ఇంటికి దగ్గరి దారి పార్కు కంచె పక్క నుంచే. ఆయన బస్టాండు మీదుగా చుట్టు తిరిగి పోయాడు.