గాస్కెట్టు జ్వరం

తంగెళ్ళమూడి రోడ్డులో అబ్దుల్ హమీద్ షెడ్డు పొద్దున్నే తెరుచుకునేది. నసీమా వాకిలి ఊడ్చి, డీజిలు మరకల మీద ఇసక చల్లి, భర్త నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. చల్లగా ఉంటే టీ పెట్టేది. కాలుతుంటే కుండతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టేది. ఎందుకంటే, హమీద్ బాగుచెయ్యడానికి ఒప్పుకున్న ఇంజిన్‌కి ఏ జబ్బుంటే ఆ జబ్బు హమీద్‌కీ వచ్చేది. పొగ కక్కే బండి వస్తే దగ్గేవాడు. క్లచ్చి జారే బండి వస్తే మెట్లెక్కలేకపోయేవాడు. బండి బాగయితే తనూ బాగయ్యేవాడు. రైతులకి అది మామూలే. బండి వదిలి వెళ్ళినవాళ్ళు మర్నాడు వచ్చి, "ఒంట్లో ఎలా ఉంది హమీదూ?" అనడిగి, బాగుందంటే బండి తోలుకెళ్ళిపోయేవాళ్ళు.

ఆ ఏడు కాలవకి నీళ్ళు ఆలస్యంగా వదిలారు. నాట్లకి మళ్ళు బురద చేసే దమ్ములు ఇలా మొదలయ్యాయో లేదో, పెదపాడు నుంచి కోదండరామయ్యగారి పాత ట్రాక్టరు ఇంకో ట్రాక్టరు వెనకాల తాడు కట్టించుకుని వచ్చింది. డ్రైవరు ఏడుకొండలు స్టీరింగ్ దగ్గర దిగాలుగా కూర్చున్నాడు.

"ఎన్ని నీళ్ళు పోసినా తాగేస్తోందయ్యా," అన్నాడు కోదండరామయ్య. "పొగ తెల్లగా వస్తోంది. నా చేనుకి రెండు పక్కలా చేపల చెరువులు పడ్డాయి, నీకు తెలుసుగా. ఈసారి ఊడుపు తప్పిందంటే చెరువుకి ఇచ్చెయ్యమనే మా మూడోవాడి నోరు నేను మూయించలేను. వరి చేను చెరువైపోతుంది."

హమీద్ జవాబు చెప్పబోతే ముక్కులోంచి ఆవిరి వచ్చింది. ఆయిలు పుల్ల తీసి చూశాడు. ఆయిలు పాలు కలిపిన టీలా ఉంది.

"హెడ్ గాస్కెట్టు పోయిందండి," అని చెంబెడు నీళ్ళు గటగటా తాగాడు.

ఇంజిన్ తలకీ మొండేనికీ మధ్య పరిచే పల్చటి రేకు అది. నిప్పు, నీళ్ళు, నూనె ఒకదాని జోలికి ఒకటి పోకుండా చూస్తుంది. దానికోసం హమీద్ ఫైర్‌స్టేషన్ సెంటర్లో తమ్ముడి కొట్టుకి వెళ్ళాడు. తండ్రి పోయేనాటికి జాహిద్‌కి పాలపళ్ళు కూడా ఊడలేదు. హమీదే పెంచాడు. పెద్దయ్యాక, షెడ్డు ముందు భాగం అమ్మి వాడికి స్పేర్‌పార్టుల కొట్టు పెట్టించాడు. ఆ తరవాత ఇంకో కొట్టు గుమ్మం ఎక్కలేదు.

"మంచిదేనట్రా?"

"నీక్కూడా అనుమానమేనా అన్నయ్యా?" జాహిద్ నవ్వుతూ సీలున్న కవరు అందించాడు. "మొహం చూడు, ఎలా కాలిపోతోందో. తొందరగా బిగించెయ్."

హమీద్ నీళ్ళు దింపి, పైపులు ఊడదీసి, ఏడుకొండలు సాయం పట్టగా హెడ్డు పైకి లేపాడు. పాత గాస్కెట్టు గోకి, రెండు వైపులా అద్దంలా తుడిచాడు. కొత్తది పరిచి, మధ్యలోంచి మొదలుపెట్టి అంచులదాకా బోల్టులు కొంచెం కొంచెంగా బిగించాడు. ఇంజిన్ అందుకుంది. పొగ పల్చబడింది. హమీద్ ఒళ్ళు చల్లబడింది. నసీమా టీ పెట్టింది.

మర్నాడు పొద్దున చద్దన్నం తింటూ ఉండగా హమీద్ చేతిలో ముద్ద సెగలు కక్కింది. చన్నీళ్ళ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంటే సలసలమంది. కంచం పక్కకి జరిపి చొక్కా వేసుకున్నాడు. "రామయ్యగారి బండి మళ్ళీ ఆగిపోయింది," అన్నాడు. కబురు రాకముందే పెదపాడు ఆటో ఎక్కాడు.

ట్రాక్టరు సగం దమ్ము చేసిన మడిలో, ఇనప చక్రాలు బురదలో కూరుకుని, తెల్లటి పొగ మధ్యన ఉంది. కోదండరామయ్య గట్టు మీద నించున్నాడు.

"మా నాన్నగారి కాలం నుంచీ నీ చేతికే ఇస్తున్నాం హమీదూ. నాకే పాతది కడిగి పెట్టావా?"

"లేదండీ. ఒట్టండి."

ఆయన మొహం తిప్పుకున్నాడు. హమీద్ మడిలోకి దిగి హెడ్డు విప్పాడు. గాస్కెట్టు చేత్తో పట్టుకుంటే తడిసిన అప్పడంలా వంగిపోయింది. గోటితో గీస్తే రాగి రంగు ఊడొచ్చింది. లోపల చెప్పుల డబ్బా అట్టలాంటి అట్ట, నీళ్ళకి ఉబ్బి ఉంది.

ఆ ముక్క పట్టుకుని తిన్నగా కొట్టుకి వెళ్ళాడు. జాహిద్ భార్య నజ్నీన్ క్యారేజీ తెచ్చి, భర్తకి అన్నం వడ్డిస్తోంది. హమీద్ ముక్కని గాజు బల్ల మీద పెట్టాడు.

"ఇది ఏంటో తెలిసే ఇచ్చావా?"

"సెంటర్లో అందరూ ఇవే అమ్ముతున్నారన్నయ్యా."

"అందరి సంగతి కాదు. నాకిచ్చేటప్పుడు నీకు తెలుసా?"

జాహిద్ అన్నం కలుపుతూ తల ఎత్తలేదు. "నువ్వెలాగూ మళ్ళీ విప్పి బిగిస్తావుగా. రైతు ఇంకోటి కొనుక్కుంటాడు. నీకొచ్చేది జ్వరమేగా, నీకలవాటేగా! దానికోసం నా వ్యాపారం మానుకోమంటావా?"

నజ్నీన్ చేతిలో గరిటె ఆగిపోయింది. హమీద్ ఊపిరికి గాజు బల్లంతా మసకబారింది. ఏదో అనాలని నోరు తెరిస్తే ఆవిరే వచ్చింది. ముక్క తీసుకుని గుమ్మం దిగి వచ్చేశాడు.

ఇంట్లో నసీమా తడిగుడ్డ వేస్తుంటే, "వాడికి తెలుసటే," అన్నాడు. "నా ఒళ్ళు కాలుతుందని తెలిసే ఇచ్చాడు."

నసీమా తడిగుడ్డ వదిలి లేచింది. ఆ ముక్కని పేపర్లో చుట్టి సంచిలో పెట్టుకుంది. "నేను గూడెం వెళ్ళొస్తానండీ. మీరు కదలకండి," అని ప్యాసింజరు ఎక్కింది. తాడేపల్లిగూడెంలో కొట్టుకొట్టుకీ తిరిగి, ప్రతి గాస్కెట్టూ వంచి చూసి, గోటితో గీకి చూసి, కొట్టువాళ్ళు విసుక్కున్నా లెక్కచెయ్యకుండా అసలుది పట్టుకొచ్చింది.

మర్నాడు మడిలోనే హెడ్డు బిగించాడు హమీద్. ఏడుకొండలు స్టార్ట్ చేశాడు. ట్రాక్టరుకి వేడి చూపించే ముల్లు ఎప్పుడో విరిగిపోయింది. కోదండరామయ్య గట్టు దిగి, బురదలో నడిచి వచ్చి, హమీద్ నుదుటి మీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచాడు.

"చల్లగా ఉంది," అన్నాడు. "తప్పుగా మాట్లాడాను హమీదూ, ఏమనుకోకు."

"మీరు కాదులెండి," అన్నాడు హమీద్.

పొద్దువాలేసరికి దమ్ము అయిపోయింది. ఆ చేను ఆ ఏడు వరి చేనుగానే ఉంది.

ఆ వారంలోనే ప్రభుదాసు అనే రైతు ట్రాక్టరు వచ్చింది. అదే జబ్బు. విప్పి చూస్తే అదే అట్ట. నసీమా కుండ తెచ్చి, అలవాటుగా నుదుటి మీద చెయ్యి వేసింది. తీసి, మళ్ళీ వేసింది. వేడి లేదు. హమీద్ ముక్కు కింద వేలు పెట్టి చూసుకున్నాడు. మామూలు ఊపిరి.

అప్పుడు నజ్నీన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది.

"బావగారూ, మీ తమ్ముడు బిందెలకి బిందెలు తాగేస్తున్నారు. ముక్కులోంచి ఆవిరి వస్తోంది. పరుపు మాడిపోతోందండీ!"

హమీద్ ప్రభుదాసు ట్రాక్టరు కేసి చూశాడు. "ఇది సాయంత్రానికి అయిపోతుందమ్మా. కొంచెం తగ్గుతుంది. పూర్తిగా తగ్గదు. ఇంకా ఎన్ని బళ్ళకి వేయించాడో."

"ఒక్కసారి వచ్చి చూడండి. మిమ్మల్నే పిలుస్తున్నారు."

"నేను చూడాల్సింది ఇక్కడుందమ్మా," అని పానా అందుకున్నాడు.

ఆ వానాకాలమంతా కొల్లేటి ఊళ్ళనుంచి కాగిపోయిన ట్రాక్టర్లు వస్తూనే ఉన్నాయి. నసీమా గూడెం నుంచి గాస్కెట్లు తెచ్చేది. హమీద్ ఒక్కోదాన్నీ విప్పి, తుడిచి, బిగించేవాడు. బండి కదిలినప్పుడల్లా, ఇవాళ కాస్త నయంగా ఉందని నజ్నీన్ కబురు పంపేది. హమీద్ తలూపేవాడు. కబురు తెచ్చినవాళ్ళకి టీ ఇప్పించేవాడు. తమ్ముడి ఇంటికి మాత్రం వెళ్ళలేదు.

వానలు వెనకపట్టాయి. ఆఖరి ట్రాక్టరు కూడా వెళ్ళిపోయింది. ఒక పొద్దున జాహిద్ షెడ్డు ముందుకి వచ్చి నించున్నాడు. చిక్కి సగమయ్యాడు. పెదాలు పొక్కి ఉన్నాయి. "అన్నయ్యా," అన్నాడు.

హమీద్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. రైతుల కోసం ఉంచే స్టూలు ముందుకి లాగాడు.

"రండి, కూర్చోండి," అన్నాడు మర్యాదగా. "మీది ఏ బండండీ?"