నలభై ఏడు చప్పుళ్లు

అన్నయ్య ఆ కాగితాన్ని చెల్లెలి పనిబల్ల మీద పెట్టి, పరీక్షలో ఫస్టు వచ్చినవాడిలా నవ్వాడు. కాగితం మీద అచ్చులో ఉంది: "ఎనిమిది మిల్లీమీటర్ల రీలు, ఒకటి. శబ్దం శుభ్రపరచడమైనది. తొలగించిన టిక్కు చప్పుళ్లు: నలభై ఏడు."

చెల్లెలికి అరికాలి మంట నెత్తికెక్కింది. పాత ప్రొజెక్టర్లు బాగుచేయడమే ఆమె బతుకుదెరువు. ఇరవై ఏళ్లుగా ఎవరెవరి పెళ్లి రీళ్లో ఆమె చేతుల మీదుగా వెళ్లాయి. అలాంటిది, పోయిన అమ్మ కనిపించే ఒకే ఒక్క రీలును తనకు మాటమాత్రమైనా చెప్పకుండా తీసుకెళ్లి ఎవడో కంప్యూటరు దుకాణంవాడి చేతిలో పెట్టి వచ్చాడు ఈ పెద్దమనిషి.

"ఏడాది నుంచి ప్రొజెక్టరుకు బెల్టు రావాలి, బెల్టు రావాలి అని నువ్వు నాన్చుతుంటే నేనేం చెయ్యను? వాడు మూడు రోజుల్లో ఇచ్చేశాడు. ముందు విను, తర్వాత అరుద్దువుగాని."

విన్నది. తెర మీద అమ్మ కుట్టుమిషను పక్కన నిలబడి ఉంది. నాన్న ఎవరి దగ్గరో కెమెరా అడిగి తెచ్చిన రోజది. పిల్లలిద్దరూ కెమెరా ముందుకు రాకుండా మంచం చుట్టూ పరుగులు. అమ్మ కత్తెర ఎత్తి బల్ల మీద కొట్టింది. చప్పుడు లేదు. మళ్లీ కొట్టింది. లేదు. పది నిమిషాల పాటు అమ్మ అలా కొడుతూనే ఉంది. గది మాత్రం నీళ్లలో మునిగినట్టు నిశ్శబ్దంగా ఉంది.

"ఆ రొద ఎలా పోయిందో చూశావా?" అన్నాడు అన్నయ్య.

"రొదతో పాటు అమ్మా పోయింది. అసలు వాడికేం చెప్పావు నువ్వు?"

"ఉన్న మాటే చెప్పాను. మా అమ్మ మూగమనిషి, మాటలేం ఉండవు, ఉన్నదంతా గోలే, తీసెయ్యమన్నాను."

గోలట! అమ్మకు మాట లేదు గానీ పిలుపు ఉండేది. కత్తెరతో బల్ల మీద రెండు దెబ్బలు కొడితే అన్నయ్య, మూడు కొడితే చెల్లెలు. ఆ పిలుపు మీదే అన్నం తిన్నాడు, బడికి వెళ్లాడు, తన్నులూ తిన్నాడు. ఇప్పుడు నెత్తిన నాలుగు వెంట్రుకలు నెరిసేసరికి అది గోలైపోయింది!

ఆమె ఆ కాగితం పట్టుకుని దుకాణానికి వెళ్లింది. దుకాణంవాడు కుర్చీలోంచి లేవకుండానే, "దుమ్ము పడితే అలాగే టిక్కుమంటుంది మేడమ్. ఒక్కటి కూడా వదల్లేదు మేం," అన్నాడు.

"శుభ్రం చేయకముందు రికార్డు చేసింది ఉంటుందిగా? అదివ్వండి."

"కొత్తది చేశాక పాతదెందుకండీ? చెరిపేశాం."

అతని కొలతల్లో అమ్మ దుమ్ము. ఇక అక్కడ ఒక్క నిమిషం నిలబడినా తన నోటికి తాను పూచీ కాదని ఆమె వచ్చేసింది.

ఇంటికొచ్చి రీలు విప్పి చూసింది. ఫిల్ము అంచున శబ్దాన్ని దాచుకునే సన్నటి గోధుమరంగు పట్టీ పొట్టులా రాలుతోంది. దుకాణంవాడి యంత్రం గీరేసింది. ఇంకొక్కసారి తిరిగితే గొప్ప. ఆ ఒక్కసారిలో అమ్మ పిలుపు చిక్కాలి, లేదా ఇక లేదు.

బెల్టు కోసం ఎదురుచూడటం మాని, అమ్మకానికి పెట్టిన, శబ్దం పలకని మంచి ప్రొజెక్టరు బెల్టునే పీకి, శబ్దం పలికేదానికి తొడిగింది. పట్టీని చదివే హెడ్డును స్పిరిటు దూదితో మూడుసార్లు తుడిచింది. మోటారు రొద కలవకుండా హెడ్డు నుంచి నేరుగా రికార్డరుకు తీగ లాగింది. మిగిలింది ఉస్ మనే రొద. దానికి ఆమె దగ్గర ఒక పెట్టె ఉంది. చప్పుడు లేనప్పుడు తలుపు మూస్తుంది, చప్పుడు రాగానే తెరుస్తుంది. తెరవడం ఆలస్యమైతే మాత్రం కత్తెర దెబ్బ గుమ్మం బయటే నిలబడిపోతుంది.

అందుకని అమ్మ కత్తెరతోనే బల్ల మీద మూడు దెబ్బలు కొట్టి, వాటిని పనికిరాని ఫిల్ము ముక్క మీద రికార్డు చేసి, పెట్టె గుండా విని చూసింది. రెండే వినిపించాయి. మొదటిదాన్ని పెట్టె మింగేసింది. తనను పిలిస్తే అన్నయ్యను పిలిచినట్టయింది! "నువ్వూ వాడి పక్షమేనా?" అని పెట్టెను తిట్టి మర తిప్పింది. మూడూ వినిపించేదాకా తిప్పింది. రొద కాస్త మిగిలింది. మిగలనీ అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం అన్నయ్యను పిలిపించి, కిటికీలు మూసి కూర్చోబెట్టింది.

"నోరెత్తావంటే చంపేస్తాను."

ప్రొజెక్టరు తిరిగింది. పట్టీ పొడి రాలి ఆమె మణికట్టు మీద పడుతోంది. ఉస్ మనే రొద, కిటకిటమనే మిషను, పిల్లల కేకలు. అమ్మ కత్తెర ఎత్తింది.

టక్, టక్.

అన్నయ్య లేచి నిలబడ్డాడు. తెర మీద ఏడేళ్లవాడు మంచం వెనక్కి పారిపోయాడు. అమ్మ మళ్లీ కొట్టింది. "వస్తున్నానమ్మా," అన్నాడు అన్నయ్య.

ఆమె దుకాణం కాగితం వెనక ఒక్కో పిలుపుకీ ఒక గీత గీసుకుంటూ కూర్చుంది. రీలు అయిపోయేసరికి హెడ్డు కింద గోధుమరంగు పొడి కుప్పపడింది, ఫిల్ము అంచు నున్నగా తేలింది. రికార్డరులో అంతా చిక్కింది.

కోపం మాత్రం తగ్గలేదు. కాగితాన్ని అన్నయ్య ఒళ్లోకి విసిరింది.

"నిన్ను పదిసార్లు పిలిచింది, నన్ను తొమ్మిదిసార్లు. కూడుకో, నలభై ఏడొస్తుంది. అక్కడా నీకే ఎక్కువ. ఒక్కసారైనా వెళ్లావురా?"

అడిగాక గానీ ఆమెకు తట్టలేదు, తెర మీద ఆ అయిదేళ్ల పిల్ల కూడా వెళ్లలేదని.