జంగయ్య అనని మాట

1994 ఆగస్టు తొమ్మిది, మంగళవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది రెండు జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు, ఒక పచ్చి ఉల్లిగడ్డ. అవి మా ఇంట్లో చేసినవి కావు. జనవరిలో నా భార్య విజయకుమారి పోయినప్పటి నుంచి నేను క్యాంటీన్‌లో అన్నం కెలికి లేచిపోవడం జంగయ్య చూశాడు. తన టిఫిన్‌లో రెండు రొట్టెలు ఎక్కువ పెట్టించుకుని రావడం మొదలుపెట్టాడు. "మా ముత్యమ్మ లెక్క తప్పి జేసింది సారు, మీరే తినాలె" అనేవాడు. ఏడు నెలలు రోజూ లెక్క తప్పే మనిషి ఉండదని మా ఇద్దరికీ తెలుసు.

జిన్నారం దారిలో ఉన్న ఒక మందుల కంపెనీలో నేను టైమాఫీసు క్లర్కును. సంగారెడ్డిలో బి.ఏ. చదివాను. జంగయ్య మందు సరుకు ఉడికే రియాక్టర్ దగ్గర హెల్పరు. కంపెనీ గోడ లోపల ఇప్పుడు డ్రమ్ములు పేర్చిన చోట ఒకప్పుడు వాళ్ల జొన్నచేను ఉండేదట.

ఆ రోజు మూడు గంటలకు జంగయ్య మీద విచారణ. అంతకు ఐదు రోజుల ముందు రెండో షిఫ్టులో, అతని పక్కన పనిచేస్తున్న పోచయ్య రసాయనాల ఘాటు తలకెక్కి కింద పడ్డాడు. జంగయ్య అతన్ని మోసుకుని గాలిలోకి తెచ్చాడు. ఆ ఇరవై నిమిషాలు రియాక్టర్‌ను చూసేవాళ్లు లేక వేడి ఎక్కి సరుకంతా మాడిపోయింది. పోచయ్య మాత్రం తెల్లారేసరికి లేచి కూర్చుని చాయ్ అడిగాడు.

ఇలాంటి విచారణల్లో కార్మికులు తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో రాయడం నా పని. పర్సనెల్ ఆఫీసర్ సోమేశ్వర్ గారు అడిగారు. జంగయ్య చేతులు కట్టుకుని చెప్పాడు.

"మిషన్ ఇడిసి, పోచయ్యను భుజం మీదేసుకొని బయటికొచ్చిన సార్. ఆడు కండ్లు తేలేసిండు. ఇంకేం జేస్త?"

ఇడిసి, అంటే విడిచి. దానికి ఇంగ్లీషులో 'లీవ్' అన్న మాట చాలు. ఇంట్లోంచి పనికి బయల్దేరినా అదే మాట, ఊరు మారినా అదే, గొడుగు బస్సులో మరిచినా, ఇంకొకరి కోసం కంచంలో ఇంత మిగిల్చినా అదే. ఏ పాపమూ అంటని మాట. కాని బడిపిల్లలకు కూడా వచ్చిన మాటంటే నాకు అప్పట్లో చిన్నచూపు. కాలేజీ రోజుల నుంచి నాకొక నోట్‌బుక్ ఉండేది. ఒక్కో క్రియను పైన రాసి, దాని చుట్టపక్కాలను కింద రాసుకునేవాడిని. లీవ్ కింద 'క్విట్' ఉంది, పని మానేయడం. 'డిపార్ట్' ఉంది, ప్రయాణమై పోవడం. 'డెజర్ట్' ఉంది, నిలబడాల్సిన చోటి నుంచి పారిపోవడం. అన్నిటికన్నా అడుగున 'అబాండన్' ఉంది. ఏమైనా కానీ, ఇక నాకు సంబంధం లేదు అనుకుని వదిలేసి పోవడం. ఆ అర్థం నా చేత్తో నేనే రాసుకున్నాను. అయినా నోటికి నిండుగా ఉంటుందని జంగయ్య మాట దగ్గర ఆ మాటే రాశాను. కలం తడబడలేదు.

సోమేశ్వర్ గారు కాగితం చదివి, "మంచి ఇంగ్లీషయ్యా నీది, విశ్వేశ్వర్" అన్నారు. విజయ పోయాక నన్ను ఎవరూ మెచ్చుకోలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కాని ఆ సాయంత్రం ఇంటిదాకా ఆ మాట నాతో వచ్చింది.

సంతకానికి ముందు జంగయ్యకు కాగితం తెలుగులో వినిపించింది కూడా నేనే. 'మిషన్ ఇడిసి' అనే వినిపించాను. అతను ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేశాడు.

నెలాఖరుకు ఉద్యోగం తీసేసినట్టు ఉత్తరం తయారైంది. టైపు చేసింది నేనే. యంత్రాన్ని 'అబాండన్' చేసినట్టు నీవే ఒప్పుకున్నావు గనుక, అని ఉంది అందులో. మిగతాదంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది. టైమాఫీసు కిటికీ దగ్గర జంగయ్యకు దాని అర్థం చెప్పాను.

అతను కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మిషన్ ఏమైతేంది, నాకేంది అని, నేను గట్ల అన్ననా సారు?"

లోపల సోమేశ్వర్ గారు ఫోన్‌లో మాట్లాడుతున్నారు. తలుపు తెరిచే ఉంది.

"అన్నవు జంగయ్యా" అన్నాను.

"గట్లయితే అని ఉంట" అన్నాడు. కిటికీ మీద నాకోసం తెచ్చిపెట్టిన టిఫిన్ డబ్బాను పక్కకు జరిపి, ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని గేటు దాటాడు.

జనవరిలో విజయ సంవత్సరీకం వచ్చింది. ఆమె ఫొటో కింద దాచిన పరామర్శ ఉత్తరాలు తీసి చదువుకున్నాను. నా మేనల్లుడు ఇంగ్లీషులో రాసిన ఉత్తరంలో, అత్తయ్య మనల్ని విడిచి వెళ్లింది అన్నచోట 'లీవ్' అని రాశాడు. వాడి ఇంగ్లీషు అంతంత మాత్రమే. కాని ఆ చిన్న మాటలో ఆమె తప్పేమీ లేదు. ఆసుపత్రిలో చివరి రోజు కూడా పాలవాడికి చెప్పాల్సిన మాట గుర్తుచేసి పోయిన మనిషి. ఆ చోట నా నోట్‌బుక్‌లోని చివరి మాట ఉంటే నేనా ఉత్తరం చింపేసేవాణ్ని. నేను చేసిందేమిటో నాకు అప్పుడు తెలిసింది.

మరునాడే సోమేశ్వర్ గారి దగ్గరికి పోయి, ఆ మాట జంగయ్యది కాదు, నాది, సరిచేయండి అన్నాను.

"రెండూ ఒకటే కదయ్యా, డిక్షనరీ సూసుకో" అన్నారు ఆయన. "ఇప్పుడు తప్పు రాసిన అంటే ముందు పోయేది నీ నౌకరి. పో, పని సూసుకో."

నేను పోయి పని చూసుకున్నాను. జంగయ్య ఊరు కంపెనీకి నాలుగు కిలోమీటర్లు. నాకు సైకిల్ ఉంది. నేను పోలేదు. రెండేళ్లకు వాళ్లు ఊళ్లో లేరని విన్నాను.

2006 ఫిబ్రవరిలో, నేను రిటైరయ్యాక, ఒక మిత్రుడి గృహప్రవేశానికి కిష్టారెడ్డిపేట పోయాను. పొద్దుగూకాక తిరిగి వస్తుంటే అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. ఖాకీ చొక్కా భుజాల మీద వదులుగా వేలాడుతోంది.

"సారు! మంచిగున్నరా? అన్నం సక్కగ తింటున్నరా?" అన్నాడు జంగయ్య.

మెట్ల కింద ఉన్న వాళ్ల గదికి తీసుకుపోయాడు. ముత్యమ్మ స్టీలు గ్లాసులో చాయ్ ఇచ్చి, గడప మీద కూర్చుంది. పోచయ్య ఏటా వచ్చిపోతాడని, అతనికి మనవడు పుట్టాడని చెప్పారు. చాయ్ చల్లారిపోయింది. నేను చెప్పేశాను. ఆ మాట నాదని, కిటికీ దగ్గర అబద్ధం చెప్పానని, భయపడ్డానని అంతా చెప్పాను.

ముత్యమ్మే అంది. "పన్నెండేండ్లు సారు! పన్నెండేండ్లు గీయన నా నోరే నన్ను ముంచింది అనుకుంట బతికిండు. నిద్రల గూడ గదే పలవరింత. మీకెట్ల నిద్రొచ్చింది?"

"రాలేదమ్మా."

"రాకుంటే మాకేం ఒరిగింది?"

"ఊకో" అన్నాడు జంగయ్య. తర్వాత నా వైపు తిరిగి, మెల్లగా అడిగాడు. "నేనేమన్న సారు ఆ రోజు? నేనన్నది అన్నట్టే జెప్పుండ్రి."

నాకు ఒక్క అక్షరం కూడా మరుపు రాలేదు. "మిషన్ ఇడిసి, పోచయ్యను భుజం మీదేసుకొని బయటికొచ్చిన అన్నవు. ఆడు కండ్లు తేలేసిండు, ఇంకేం జేస్త అన్నవు."

"గంతేనా?"

"గంతే."

"గండ్ల తప్పేమున్నది?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగా నన్ను అడిగాడు.

"ఏం లేదు జంగయ్యా. ఏమీ లేదు."

అతను తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. ఏదో అనబోయాడు. బయట కారు హారన్ మోగింది, మళ్లీ మోగింది. ఎవరో కిటికీలోంచి అరిచారు. "ఏయ్, పడుకున్నవా? ఎంతసేపు?" జంగయ్య అనబోయిన మాట మింగి పరుగెత్తాడు. "అవ్ సార్, తప్పయింది సార్, అవ్ సార్."

ముత్యమ్మ ఆ వైపే చూస్తూ ఉంది. "సూసిండ్రా సారు? ఎవలేమన్న గదే మాట. ఆ రోజు కంపెనీ గేటు దాటినప్పటి సంది ఆఫీసరసొంటోళ్ల ముంగట ఇంకో మాట రాదు గీయనకు."

జంగయ్య వచ్చాడు. తన మాటను ఒక కాగితం మీద తెలుగులో రాసిమ్మన్నాడు. రాసి, కింద నేను సంతకం పెట్టాను. దాన్ని అతను వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"తెల్లారుజామున లేసి మోటరెయ్యాలె గీయన" అంది ముత్యమ్మ. "ఇగ వోండ్రి సారు, బస్సు పోతది."

"మళ్లొక్కసారి రావచ్చా అమ్మా?"

ఆమె నా చేతిలోని గ్లాసు తీసుకుంది. చీకట్లో మెట్టు తగులుతుందని చేత్తో చూపించింది. నేను మెట్టు దిగేదాకా ఆగి, ఆయన నిద్ర చెడకుండా రేకు తలుపును కొంచెం పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా వేసుకుంది.